50 నానోమీటర్ల కిటికీ వెనక ఏం జరుగుతోంది? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ‘లైవ్’ చిప్‌ల లెక్కలు

క్లుప్తంగా

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ శూన్యం లేనిదే పనిచేయదు. ఆ శూన్యంలో ఉన్న శాంపిల్‌కు వేడిని, ద్రవాన్ని, వాయువును, కరెంటును అందించడానికి సిలికాన్ చిప్‌ల మీద సూక్ష్మ పరికరాలు వచ్చాయి. వీటి బలమంతా చిన్నదనంలో ఉంది. కొద్ది మిల్లీవాట్లతో వెయ్యి డిగ్రీలు అందుకుంటాయి, మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కూడా లేని నీటి పొరను పట్టి ఉంచుతాయి. తలనొప్పులు పుట్టేదీ అక్కడే. ద్రవాన్ని మూసి ఉంచే పలుచటి పొర, అంటే కిటికీ, ఉబ్బుతుంది, వేడి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, చూడటానికి వాడే ఎలక్ట్రాన్ల బీమే రసాయన చర్యను నడిపిస్తుంది. అందుకే ఇలాంటి చిప్‌లో తీసిన వీడియోను అంచనా వేయాలంటే మూడు అంకెలు అడగాలి: ఉష్ణోగ్రతను ఎక్కడ కొలిచారు, ద్రవం మందం ఎంత, బీమ్ మోతాదు ఎంత.

శూన్యంలో నీళ్లు ఎలా నిలుస్తాయి?

ద్రవంలో ప్లాటినం రేణువులు పుట్టి పెరగడం, 800 డిగ్రీల దగ్గర రెండు లోహపు రేణువులు అతుక్కుని ఒకటైపోవడం, బ్యాటరీ ఎలక్ట్రోడ్ మీద లిథియం ముళ్లలా మొలుచుకురావడం. ఇలాంటి వీడియోలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. చూసినవారికి మొదట వచ్చే సందేహం న్యాయమైనదే: మైక్రోస్కోప్ లోపల గాలే ఉండకూడదంటారు, మరి నీళ్లు ఎలా పెట్టారు?

ఇబ్బంది ఎంత పెద్దదో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. బయట వాతావరణ పీడనం సుమారు లక్ష పాస్కల్‌లు. మంచి మైక్రోస్కోప్‌లో శాంపిల్ ఉండే చోట పీడనం పాస్కల్‌లో లక్షో వంతు. రెండింటికీ తేడా వెయ్యి కోట్ల రెట్లు. ఒక్క మైక్రోలీటర్ నీరు, అంటే సూది మొన మీద నిలిచే బొట్టు, ఆవిరైతే మామూలు పీడనంలో 1.4 మిల్లీలీటర్ల ఆవిరి అవుతుంది. ఆ శూన్యంలో అదే ఆవిరి 10 వేల ఘనపు మీటర్లకు పైగా వ్యాపించాలని చూస్తుంది. ఎలక్ట్రాన్లను వదిలే గన్ దాన్ని తట్టుకోలేదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, శాంపిల్ చుట్టూ కొద్దిగా వాయువు వదిలి, పైనా కిందా చిన్న రంధ్రాలు పెట్టి, ఆ వాయువును దశలవారీగా పంపులతో లాగేయడం. ఇలాంటి ‘ఎన్విరాన్‌మెంటల్’ మైక్రోస్కోప్‌లు సుమారు 20 మిల్లీబార్ల వరకు నెట్టుకొస్తాయి. కానీ 20 డిగ్రీల దగ్గర నీరు ద్రవంగా నిలవాలంటేనే 23 మిల్లీబార్లు కావాలి. గది ఉష్ణోగ్రత నీటికి ఈ దారి అడుగు దూరంలో ఆగిపోతుందన్నమాట. రెండో దారి, ద్రవాన్నో వాయువునో రెండు పలుచటి పొరల మధ్య బంధించి, ఎలక్ట్రాన్లు ఆ పొరల గుండా దూసుకుపోయేలా చేయడం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఎర్నెస్ట్ రస్కా, మాక్స్ నోల్ 1931లో తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నిర్మించిన కొన్నేళ్లకే లాడిస్లాస్ మార్టన్ శాంపిల్‌ను అల్యూమినియం రేకుల మధ్య ఉంచే పద్ధతి గురించి రాశాడు. లేనిది సరైన రేకు. గాలి పీడనాన్ని ఆపేంత గట్టిగా, ఎలక్ట్రాన్లకు అడ్డు రానంత పలుచగా ఉండే పొరను నమ్మకంగా తయారుచేయడం అప్పట్లో ఎవరి తరమూ కాలేదు. కంప్యూటర్ చిప్‌ల పరిశ్రమ సిలికాన్ నైట్రైడ్ పొరలు వేయడంలో ఆరితేరాక ఆ చిక్కు వీడింది. ఐబీఎంలో ఫ్రాన్సిస్ రాస్ బృందం 2003లో ఇలాంటి కిటికీల మధ్య రాగి ఎలక్ట్రోడ్ మీద పేరుకోవడాన్ని చూపింది. 2009లో హైమే జెంగ్, పాల్ అలివిసాటోస్ బృందం ద్రవంలో ప్లాటినం నానో రేణువులు పెరిగే తీరును ఒక్కొక్కటిగా గమనించింది. ఈ రంగం ఊపందుకున్నది అక్కడి నుంచే.

కిటికీ ఎలా తయారవుతుంది?

చిప్ తయారీ సిలికాన్ వేఫర్‌తో, అంటే పలుచటి సిలికాన్ బిళ్లతో మొదలవుతుంది. సుమారు 800 డిగ్రీల కొలిమిలో డైక్లోరోసైలేన్, అమ్మోనియా వాయువులను కలిపి వేఫర్‌కు రెండు వైపులా సిలికాన్ నైట్రైడ్ పొర వేస్తారు. కిటికీకి వాడే మందం సాధారణంగా 50 నానోమీటర్లు. అది వదులుగా ఉంటే ముడతలు పడుతుంది, మరీ బిగుసుకుంటే తనంతట తానే చిట్లుతుంది. అందుకే సిలికాన్ వాటా కాస్త పెంచి, పొరలో బిగువును తగ్గిస్తారు. తర్వాత వెనకవైపు నైట్రైడ్‌లో చతురస్రాకారంగా ఒక గడి తెరిచి, 80 డిగ్రీల పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచుతారు. అది గంటకు 60 నుంచి 80 మైక్రాన్ల చొప్పున సిలికాన్‌ను తినేస్తుంది. నైట్రైడ్ జోలికి దాదాపుగా పోదు. నాలుగైదు గంటల్లో 300 మైక్రాన్ల సిలికాన్ కరిగిపోయి, ముందువైపు నైట్రైడ్ పొర ఒక్కటే గాలిలో తేలుతూ మిగులుతుంది.

ఇక్కడ ఒక జ్యామితి చిక్కు ఉంది. సిలికాన్ స్ఫటికం అన్ని దిక్కుల్లో ఒకే వేగంతో కరగదు. గోడలు నిట్టనిలువుగా కాక 54.7 డిగ్రీల వాలులో ఏర్పడతాయి. 300 మైక్రాన్ల వేఫర్‌లో 50 మైక్రాన్ల కిటికీ కావాలంటే వెనకవైపు గడి 474 మైక్రాన్లు ఉండాలి. అంటే ప్రతి కిటికీ ఒక గరాటు అడుగున ఉంటుంది.

ఆ గరాటు ప్రభావం ప్రయోగమంతా వెంటాడుతుంది. శాంపిల్‌లో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్-రే డిటెక్టర్ సాధారణంగా శాంపిల్ తలానికి ఇరవై డిగ్రీల ఎత్తులో పక్కనుంచి చూస్తుంది. చిప్ గుంట అటువైపు తిరిగి ఉంటే ఎక్స్-రేలు వాలు గోడకు తగిలి ఆగిపోతాయి. చదునైన ముఖం డిటెక్టర్ వైపు ఉండేలా చిప్ ఎక్కిస్తే ఈ గొడవ తప్పుతుంది. రెండు చిప్‌లు ఎదురెదురుగా ఉండే ద్రవ సెల్‌లో ఆ వెసులుబాటు లేదు. ఎటు చూసినా గుంటే. అక్కడ చిప్‌ను పట్టి ఉంచే కడ్డీని, అంటే హోల్డర్‌ను, డిటెక్టర్ వైపు బాగా వంచితేనే సిగ్నల్ వస్తుంది. ‘ఈ చిప్‌తో మూలకాల విశ్లేషణ కుదరలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ గోడ వాలే.

వేడి చిప్: బలం ఎక్కడుంది?

పాత పద్ధతి హీటింగ్ హోల్డర్‌లో శాంపిల్ ఉండే 3 మిల్లీమీటర్ల జల్లెడ లాంటి గ్రిడ్‌ను ఒక చిన్న లోహపు గిన్నెలో పెట్టి, గిన్నె చుట్టూ తీగ చుట్టి వేడిచేసేవారు. గిన్నె, పట్టీలు కలిపి ఒక గ్రాము అనుకుందాం. దాన్ని వెయ్యి డిగ్రీలు వేడెక్కించడానికి వందల జౌళ్లు కావాలి. వేడి హోల్డర్ కడ్డీలోకి పాకుతుంది, కడ్డీ సాగుతుంది, శాంపిల్ తెరమీంచి జారిపోతుంది. రాగి గ్రిడ్ ఒక్కటే 500 డిగ్రీల పెరుగుదలకు సుమారు 25 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. పరమాణువులను చూస్తున్నవారికి అది ఊరు దాటి పోవడంతో సమానం. బొమ్మ స్థిరపడేవరకు పదుల నిమిషాలు కాచుకుని కూర్చోవాలి, ఈలోగా చూడాల్సిన మార్పు కాస్తా అయిపోతుంది.

ఇప్పుడు చిప్ లెక్క. 300 మైక్రాన్ల చదరం, అర మైక్రాన్ మందం ఉన్న నైట్రైడ్ పొరలో హీటర్ తీగ ఉందనుకుందాం. ఆ పొర బరువు మైక్రోగ్రాములో ఏడో వంతు. వెయ్యి డిగ్రీలు పెంచడానికి చాలే శక్తి 0.1 మిల్లీజౌల్. పది మిల్లీవాట్లు ఇస్తే, బయటికి పోయే వేడిని పక్కన పెడితే, పది మిల్లీసెకన్లలో పని అయిపోతుంది. చల్లబడటం కూడా అంతే వేగం. చుట్టూ ఉన్న సిలికాన్ చట్రం దాదాపు గది ఉష్ణోగ్రత దగ్గరే ఉండిపోతుంది కాబట్టి హోల్డర్‌కు వేడి సోకదు. పొర సొంత వ్యాకోచం 500 డిగ్రీలకు అర మైక్రాన్ లోపే. పాత హోల్డర్‌తో అసాధ్యమైన ఒక పని దీనితో కుదురుతుంది. శాంపిల్‌ను 700 డిగ్రీల దగ్గర రెండు సెకన్లు ఉంచి, టక్కున చల్లార్చి, ఆ క్షణంలో ఉన్న నిర్మాణాన్ని అలాగే బంధించి, తాపీగా హై రిజల్యూషన్ బొమ్మలు తీసుకోవచ్చు.

పొర ఎటూ సాగలేక పైకి ఉబ్బుతుంది, ఇది ఇంకో రకం ఇబ్బంది. వేడి పెంచిన ప్రతిసారీ శాంపిల్ కొన్ని మైక్రాన్లు పైకో కిందికో కదిలి ఫోకస్ తప్పుతుంది. హీటర్ తీగను సర్పిలంగా గీసి, అంచులు, మధ్య భాగం సమంగా వేడెక్కేలా చేస్తే ఈ ఉబ్బు తగ్గుతుంది. పూర్తిగా పోదు. అనుభవమున్నవారు వేడి పెంచే ముందే, ఏ ఉష్ణోగ్రతకు ఎంత ఫోకస్ సరిచేయాలో ఒక ఖాళీ చోట చూసి రాసిపెట్టుకుంటారు.

తెరమీద 800 అంటే నిజంగా 800 డిగ్రీలేనా?

చిప్ ఉష్ణోగ్రతను థర్మోమీటర్ చెప్పదు, హీటర్ తీగ నిరోధం చెబుతుంది. లోహం వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. మామూలు ప్లాటినం తీగలో ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం, పలుచటి పూతలో అంతకన్నా తక్కువ. 0.3 శాతం, మొదటి నిరోధం 100 ఓమ్‌లు అనుకుంటే ఒక డిగ్రీ అంటే 0.3 ఓమ్. హోల్డర్ పిన్ను దగ్గర మురికి చేరి ఒక ఓమ్ అదనంగా కలిసినా మూడు డిగ్రీల తప్పు. అందుకే రెండు తీగలతో కరెంటు పంపి, వేరే రెండు తీగలతో వోల్టేజి కొలుస్తారు. నాలుగు తీగల పద్ధతిలో పిన్నుల నిరోధం లెక్కలోకే రాదు.

అయినా మిగిలే తప్పులున్నాయి. నిరోధ గుణకాన్ని 5 శాతం తప్పుగా తీసుకుంటే 800 డిగ్రీల దగ్గర తేడా 40 డిగ్రీలు. ప్లాటినం తీగ ఎక్కువసేపు బాగా వేడిలో ఉంటే దాని రేణువులు పెద్దవై, అక్కడక్కడా చిల్లులు పడి, నిరోధం శాశ్వతంగా మారిపోతుంది. అప్పుడు యంత్రం చూపే అంకె అంతా అబద్ధమే. మరీ ఎక్కువ ఉష్ణోగ్రతలకు మాలిబ్డినం, సిలికాన్ కార్బైడ్ లాంటివాటిని వాడటానికి కారణం ఇదే. ఇంకో సంగతి: కొలిచేది తీగ సగటు ఉష్ణోగ్రతను, చూసేది తీగల మధ్య ఉన్న కిటికీని. మధ్య కిటికీకి, అంచు కిటికీకి పదుల డిగ్రీల తేడా ఉండొచ్చు. ఏ కిటికీలో చూశారో చెప్పకుండా ఉష్ణోగ్రత ఒక్కటే రాస్తే ఆ అంకె సగమే.

సరిచూసుకునే దారులు లేకపోలేదు. తెలిసిన లోహం స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం వేడికి ఎంత పెరిగిందో డిఫ్రాక్షన్‌లో, అంటే స్ఫటికం ఎలక్ట్రాన్లను చెదరగొట్టే తీరులో కొలవవచ్చు. రేణువులు కరిగే ఉష్ణోగ్రతను గుర్తుగా పెట్టుకోవడం తేలికగా కనిపిస్తుంది కానీ అందులో ఒక ఉచ్చు ఉంది. ముద్ద బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొద్ది నానోమీటర్ల రేణువు అంతకు చాలా ముందే కరుగుతుంది. వెండి ఇంకా మోసం చేస్తుంది. దాని ద్రవీభవన స్థానం 962 డిగ్రీలు. శూన్యంలో వెండి నానో రేణువులు ఆ దరిదాపులకు రాకముందే ఘనం నుంచి నేరుగా ఆవిరై మాయమవుతాయి. కరిగింది అనుకుని రాసినవి నిజానికి ఆవిరైపోయినవి కావచ్చు.

ద్రవ చిప్: కిటికీ ఉబ్బు అసలు కథ

ద్రవ సెల్ నిర్మాణం చెప్పడానికి తేలిక. కిటికీ ఉన్న చిప్ ఒకటి కింద, ఇంకొకటి పైన బోర్లా, మధ్యలో 150 నుంచి 500 నానోమీటర్ల ఎత్తు దిమ్మలు, చుట్టూ ద్రవం కారకుండా ఆపే ఓ-రింగ్‌లు. కేటలాగ్‌లో ‘ద్రవం మందం 200 నానోమీటర్లు’ అని ఉంటుంది. మైక్రోస్కోప్‌లో పెట్టాక మాత్రం లోపల ఒక వాతావరణం పీడనం, బయట శూన్యం. కిటికీలు రెండూ బయటికి బుడగలా ఉబ్బుతాయి.

ఎంత ఉబ్బుతాయో స్థూలంగా లెక్కగట్టవచ్చు. 50 నానోమీటర్ల మందం, 200 మెగాపాస్కల్‌ల బిగువు ఉన్న పొడవాటి నైట్రైడ్ కిటికీ వెడల్పు 20 మైక్రాన్లయితే, మధ్యలో సుమారు 0.3 మైక్రాన్ ఉబ్బుతుంది. వెడల్పు 50 మైక్రాన్లయితే 1.1 మైక్రాన్లు. రెండు కిటికీలూ కలిపి, దిమ్మల ఎత్తు 0.2 మైక్రాన్ జోడిస్తే, మొదటి సెల్‌లో మధ్య మందం 0.8 మైక్రాన్, రెండో దానిలో 2.4 మైక్రాన్లు. కేటలాగ్ అంకె ఎక్కడ, ఇది ఎక్కడ? పన్నెండు రెట్లు.

200 కిలోవోల్ట్‌ల ఎలక్ట్రాన్ కొన్ని వందల నానోమీటర్ల నీటిలో ప్రయాణించేసరికి సగటున ఒకసారి శక్తి కోల్పోతుంది. 2.4 మైక్రాన్ల నీటిలో అలాంటివి పదిసార్లు దాకా జరుగుతాయి. బొమ్మ పొగమంచులో చూసినట్టు అవుతుంది. కాబట్టి స్పష్టత కావాలంటే కిటికీ మూలల్లో చూడాలి, అక్కడ ఉబ్బు తక్కువ. రెండు కిటికీలను అడ్డంగా, నిలువుగా ఒకదానిపై ఒకటి దాటేలా అమరిస్తే, కలిసే చోటు చిన్నదవుతుంది కానీ వెతికే పని తగ్గుతుంది. సమాంతరంగా పెడితే చూసే వైశాల్యం పెరుగుతుంది, అమర్చడం మాత్రం కంటికి కారం రాసుకున్నట్టే ఉంటుంది. కొద్ది మైక్రాన్లు అటూ ఇటూ అయితే వెలుతురే కనపడదు.

మందం ఉన్నా పనికొచ్చే సందర్భాలు లేకపోలేదు. నీల్స్ డి యోంగ్ బృందం 2009లో మొత్తం జీవకణాన్ని ద్రవంలో ఉంచి, దాని మీద అంటించిన బంగారు రేణువులను సుమారు 4 నానోమీటర్ల స్పష్టతతో చూసింది. బరువైన బంగారం తేలికైన నీటిలో ప్రస్ఫుటంగా కనిపిస్తుంది కాబట్టి అది సాధ్యమైంది. రెండో కొసన, 2012లో వచ్చిన గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర) సెల్‌లో రెండు గ్రాఫీన్ పొరల మధ్య చిక్కుకున్న ద్రవపు బుడగలో పరమాణు స్థాయి వివరాలు కనిపించాయి. అయితే ఆ బుడగలోకి కొత్త ద్రవం పంపడం, దాని సైజు ముందుగా నిర్ణయించడం కుదరవు.

ద్రవం మార్చేటప్పుడు ఓపిక కూడా లెక్కలో భాగమే. 100 మైక్రాన్ల బోలు ఉన్న మీటరు పొడవు గొట్టంలో దాదాపు 8 మైక్రోలీటర్ల ద్రవం ఉంటుంది. నిమిషానికి 2 మైక్రోలీటర్ల చొప్పున పంపితే, కొత్త ద్రవం చిప్ దగ్గరికి రావడానికే నాలుగు నిమిషాలు. చాలా హోల్డర్లలో ప్రవాహం కిటికీ మధ్య నుంచి కాక చిప్ చుట్టూ పోతుంది, లోపలికి చేరడం వ్యాపనం ద్వారానే. పంపు నొక్కిన క్షణాన్ని ‘సున్నా సమయం’గా గుర్తు పెడితే వీడియో గడియారం తప్పు చెబుతుంది.

చూసే కన్నే చేయి వేస్తే

ఈ రంగంలో అన్నింటికన్నా పెద్ద తకరారు ఇదే. ఒక చదరపు ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటర్‌లో పదో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) మీద సెకనుకు ఒక ఎలక్ట్రాన్ పడిందనుకుందాం. మైక్రోస్కోప్ వాడేవారికి ఇది చాలా తక్కువ మోతాదు. పరమాణువులను చూడటానికి వందలు, వేలు వాడతారు. 200 కిలోవోల్ట్‌ల దగ్గర ఆ ఒక్క ఎలక్ట్రాన్ లెక్కన నీరు పీల్చుకునే రేడియేషన్ సెకనుకు సుమారు 45 లక్షల గ్రేలు (గ్రే అంటే పీల్చుకున్న రేడియేషన్‌కు కొలమానం). మనిషి ప్రాణం తీయడానికి 4, 5 గ్రేలు చాలు. ఆ లెక్కన సెకను సెకనుకూ ప్రాణాంతక మోతాదుకు పది లక్షల రెట్లు.

ఆ శక్తికి నీటి అణువులు ముక్కలవుతాయి. హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ (నీటి అణువులు చుట్టుముట్టిన విడి ఎలక్ట్రాన్), హైడ్రోజన్ పరమాణువు, హైడ్రాక్సిల్ రాడికల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోజన్ వాయువు పుడతాయి. బీమ్ పడిన మిల్లీసెకను నాటికే వీటి గాఢత ఒక స్థాయికి చేరి నిలబడుతుందని లెక్కలు చెబుతాయి. హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ గట్టి క్షయకరణి, అంటే ఎదుటిదానికి ఎలక్ట్రాన్ అంటగట్టేది. బంగారు లవణాన్ని లోహంగా మార్చేస్తుంది. హైడ్రాక్సిల్ రాడికల్ దానికి వ్యతిరేకం, లోహాన్ని తిరిగి కరిగిస్తుంది. ఒకే ద్రావణంలో ఒకచోట రేణువులు పెరగడం, మోతాదు మార్చగానే తరిగిపోవడం చూశారంటే, ఆ మార్పు వెనక ఎక్కువసార్లు ఉండేది ఈ రెండింటి పోరే. తటస్థంగా ఉన్న నీరు కూడా బీమ్ కింద ఆమ్లగుణం వైపు జరుగుతుంది.

విరుగుడుగా కొందరు ఐసోప్రొపనాల్ కలుపుతారు. అది హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టేస్తుంది. కానీ ఒక పక్షాన్ని పట్టేస్తే రెండో పక్షానికి అడ్డు ఉండదు, క్షయకరణం ఇంకా జోరందుకుంటుంది. కాబట్టి దీన్ని మందు అనడం కన్నా త్రాసులో బరువు మార్చడం అనడం సరైనది. 300 కిలోవోల్ట్‌లకు పెంచితే అదే ఎలక్ట్రాన్ లెక్కకు మోతాదు సుమారు 15 శాతం తగ్గుతుంది, అంతే. నిజంగా పనిచేసే ఉపాయం బీమ్‌ను తక్కువ వాడటం: వెతకడం ఒకచోట, ఫోకస్ ఇంకోచోట, రికార్డింగ్ మాత్రమే అసలు చోట.

వాయువు, కరెంటు

వాయు చిప్‌లో లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 5 మైక్రాన్ల సందులో 1 బార్ వాయువు ఉన్నా, ఎలక్ట్రాన్ దాటాల్సిన వాయువు మొత్తం, 5 మిల్లీమీటర్ల దారిలో 20 మిల్లీబార్లు ఉండే ఎన్విరాన్‌మెంటల్ మైక్రోస్కోప్‌తో పోలిస్తే ఇరవయ్యో వంతే. పీడనం యాభై రెట్లు ఎక్కువ, అడ్డంకి ఇరవై రెట్లు తక్కువ. 2008లో డెల్ఫ్ట్‌లో క్రీమర్ బృందం తయారుచేసిన నానోరియాక్టర్ 1.2 బార్ హైడ్రోజన్‌లో, 500 డిగ్రీల దగ్గర రాగి ఉత్ప్రేరకం పరమాణు వరుసలను చూపింది.

వాయువు వేడిని మోసుకుపోతుంది. శూన్యంలో 600 డిగ్రీలిచ్చే కరెంటే 1 బార్ హీలియంలో చాలా తక్కువ ఇస్తుంది. అందుకే కరెంటును స్థిరంగా పట్టి ఉంచక, నిరోధాన్ని స్థిరంగా పట్టి కరెంటును సర్దే కంట్రోలర్ వాడతారు. ఈ సర్దుబాటుతో ఒక అదనపు లాభం కూడా వచ్చింది. ఉత్ప్రేరకం మీద వేడి పుట్టించే చర్య జరిగితే హీటర్‌కు కావలసిన పవర్ ఆ మేరకు తగ్గుతుంది. 2014లో ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ దహనాన్ని పరిశీలించిన బృందం, రేణువులు గుండ్రంగా, పలకలుగా రూపం మార్చుకోవడం, చర్య వేగం పెరిగి తగ్గడం ఒకే లయలో సాగడాన్ని చూపింది. బొమ్మ, వాయువు విశ్లేషణ, హీటర్ పవర్ మూడూ ఒకే మాట చెప్పడం వల్ల ఆ ఫలితానికి బరువు వచ్చింది.

ఎలక్ట్రోకెమిస్ట్రీ చిప్‌లో తిప్పలు కరెంటు పరిమాణంతో మొదలవుతాయి. 1,000 చదరపు మైక్రాన్ల ఎలక్ట్రోడ్ మీద, చదరపు సెంటీమీటర్‌కు 1 మిల్లీఆంపియర్ అంటే మొత్తం 10 నానోఆంపియర్లే. మైక్రోస్కోప్ బీమ్ ఒక్కటే 1 నానోఆంపియర్ ఉండొచ్చు. అందులో చాలా భాగం దూసుకుపోయినా, రాలగొట్టే ద్వితీయ ఎలక్ట్రాన్లు, పొర మీద చేరే ఛార్జి కొలతలో కలిసిపోతాయి. వోల్టేజిని పోల్చి చూడటానికి ఆధారంగా ఉంచే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చిప్ మీద సాధారణంగా ఉత్త ప్లాటినం ముక్క. ద్రావణం మారితే దాని విలువా జారుతుంది. బల్లమీది సెల్‌లో వచ్చిన వోల్టేజితో దీన్ని సూటిగా పోల్చడం కుదరదు.

శాంపిల్ ఎక్కించేటప్పుడే సగం ప్రయోగాలు పోతాయి

కొన్ని చిప్‌లు రక్షణగా ఫొటోరెసిస్ట్ అనే పాలిమర్ పూతతో వస్తాయి. అసిటోన్‌లో రెండు నిమిషాలు, ఆ తర్వాత మెథనాల్‌లో రెండు నిమిషాలు ఉంచి పూత తీస్తారు. అసిటోన్ ఆరిపోకముందే మెథనాల్‌లోకి మార్చాలి, లేకపోతే మరకలు మిగిలి, బీమ్ పడగానే కార్బన్ పేరుకుంటుంది. చిప్‌ను అంచులతోనే పట్టుకోవాలి. గాలి గన్‌తో ఊదేటప్పుడు పొరకు సమాంతరంగా ఊదాలి. నిలువుగా ఊదితే కిటికీ టప్‌మని పోతుంది. పోయిన కిటికీ మామూలు మైక్రోస్కోప్‌లో ఇట్టే తెలుస్తుంది: బాగున్నదానికి రంగు ఛాయ ఉంటుంది, పగిలినదానిలో వెలుతురు తేటగా వస్తుంది.

ద్రవ చిప్‌లను ప్లాస్మాలో (విద్యుదావేశిత వాయువులో) ఒకటి రెండు నిమిషాలు ఉంచితే ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది. ఆ పని చేయకపోతే నీరు ముద్దగా నిలిచి, పై చిప్ మూసేటప్పుడు గాలి బుడగ చిక్కుకుంటుంది. బొట్టు అర మైక్రోలీటర్ నుంచి ఒకటి చాలు. ఎక్కువైతే చిప్ కిందికి కారి ఓ-రింగ్ కూర్చోదు. చిన్న దుమ్ము రేణువు చాలు, 200 నానోమీటర్ల సందు 5 మైక్రాన్లు అవుతుంది. మైక్రోస్కోప్‌లో పెట్టే ముందు హోల్డర్‌ను విడి పంపు మీద లీక్ చెక్ చేయడం మానేయడం, నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాని పొరపాటు. నూరోసారి గన్ వాల్వ్ మూసుకుని యంత్రం ఒక రోజంతా పడుకుంటుంది.

ఘన శాంపిల్‌ను అయాన్ బీమ్‌తో కోసి చిప్ మీద అతికించే పద్ధతిలో వేరే చిక్కులున్నాయి. అతికించడానికి వేసే ప్లాటినం పూత కావలసిన చోటే కాక చుట్టూ కొన్ని మైక్రాన్ల దాకా చల్లినట్టు పడుతుంది. రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య అది కంటికి కనపడని వంతెన వేస్తుంది. శాంపిల్ గుండా వెళ్లాల్సిన కరెంటు ఆ వంతెన మీంచి పోతే, కొలిచింది ప్లాటినం నిరోధం అవుతుంది. అందుకని శాంపిల్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి లీకేజీ కొలవాలి. కోతకు వాడే గాలియం శాంపిల్‌లో దిగబడుతుంది. దాని ద్రవీభవన స్థానం 30 డిగ్రీల లోపే. అల్యూమినియంలో అది స్ఫటికాల సరిహద్దుల వెంట పాకి లోహాన్ని పెళుసు చేస్తుంది. వేడిచేసినప్పుడు సరిహద్దుల దగ్గర కనిపించే ‘కొత్త దశ’ను ప్రకటించే ముందు అందులో గాలియం ఉందేమో వెతకాలి. చివరి కోత 5 కిలోవోల్ట్‌లు, ఆ కిందికి దించితే దెబ్బ తగ్గుతుంది.

ఇక స్థిర విద్యుత్తు. ఒంటి మీద చేరిన ఛార్జి ఒక్కసారి తగిలితే చాలు, సన్నటి తీగ కాలిపోతుంది. మణికట్టు పట్టీ కట్టుకోకుండా చిప్ ముట్టుకోవడం, ఫ్యూజును వేలితో పరీక్షించడం లాంటిది.

ఇకపై ఏం మారొచ్చు?

డేటా ఇప్పటికే మోయలేనంత అవుతోంది. 4,096 పిక్సెళ్ల చదరపు కెమెరా 16 బిట్లతో సెకనుకు 100 ఫ్రేములు తీస్తే నిమిషానికి సుమారు 200 గిగాబైట్లు. అంతటినీ మనిషి కూర్చుని చూడలేడు. జారుడును అక్కడికక్కడే సరిచేసి, మార్పు కనిపించిన భాగాన్నే దాచే సాఫ్ట్‌వేర్ వైపు అందరూ మళ్లడానికి కారణం ఇదే. ప్రతి ఫ్రేముకు ఉష్ణోగ్రత, ప్రవాహం, మోతాదు అంటించి దాచడం కూడా దానిలో భాగం. ఈ చివరిది పైకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ ప్రయోగశాలల ఫలితాలను పోల్చడానికి అదే అసలు ఆధారం. ప్రోటోచిప్స్, డెన్స్‌సొల్యూషన్స్, హమ్మింగ్‌బర్డ్ సైంటిఫిక్ లాంటి సంస్థల చిప్‌ల ఆకారం, హీటర్ పదార్థం, కిటికీ వెడల్పు వేర్వేరు. ఒక దానిలో చూసిన వేగం ఇంకోదానిలో రాకపోతే తప్పు శాంపిల్‌దా, చిప్‌దా అని తేల్చాలంటే ఆ అంకెలు ఉండాలి.

అప్పటిదాకా పాత ఉపాయం ఒకటి బాగానే పనిచేస్తోంది. రికార్డింగ్ ముగిశాక బీమ్‌ను, అప్పటిదాకా అస్సలు చూడని కిటికీ మూలకు జరిపి ఒకే ఒక్క ఫొటో తీస్తారు. వేడి, ద్రవం, సమయం రెండుచోట్లా ఒక్కటే. తేడా బీమ్ మాత్రమే. ఆ మూలలో కూడా రేణువులు అదే సైజులో, అంతే ఒత్తుగా ఉంటే పెరుగుదల ద్రావణానిది. అక్కడ ఖాళీగా ఉండి, వీడియో తీసిన గుండ్రటి మచ్చలోనే రేణువులు కిక్కిరిసి ఉంటే, వాటిని పెంచింది బీమ్.